తమ్ముడి బిళ్లలు అన్న మింగుతున్నాడు

సంపాదకులకు నమస్కారం.

నేను గుంటూరులో మందుల షాపు నడుపుతున్న ఫార్మసిస్టుని. కౌంటర్ వెనక నిలబడటం మొదలుపెట్టి 19 ఏళ్లు దాటింది. పత్రికకి ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి, కాస్త పొడుగైపోతే క్షమించండి, తగ్గించి వేసుకున్నా పర్వాలేదు గానీ మందుల సంగతి మాత్రం తీసేయకండి.

పోయిన నెల ఒక రాత్రి షట్టరు దించే వేళకి ఒక ఇంటర్ కుర్రాడు వచ్చాడు. ఫోన్‌లో ఖాళీ షీటు ఫోటో ఒకటి చూపించి "ఆంటీ, ఇది ఉందా" అన్నాడు. పెద్దది చేసి చూస్తే మిథైల్‌ఫెనిడేట్, కుదురూ ఏకాగ్రతా నిలవని పిల్లలకి డాక్టర్లు రాసే మందు. చీటీ ఏది నాన్నా అంటే తల దించుకున్నాడు. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి అడిగితే మెల్లగా బయటపెట్టాడు. ఆ బిళ్లలు వాడివి కావు, మూడో తరగతి చదివే తమ్ముడివి. స్కూల్లో కుదురుగా కూర్చోవట్లేదని చెప్తే తమ్ముడిని ఎక్కడో చూపించారు, ఏడీహెచ్‌డీ (వయసుకి తగ్గ కుదురు, ధ్యాస నిలవని సమస్య) అన్నారు, మందు రాశారు. వాడు నాలుగు రోజులు వేసుకుని అన్నం తినడం మానేశాడు, నానమ్మ "పసివాడికి పిచ్చి బిళ్లలేంటి" అని ఇల్లు పీకి పందిరేసింది, వాళ్లమ్మ మిగిలిన షీట్లు బీరువాలో చీరల కింద పెట్టేసింది. నీట్ దగ్గర పడేకొద్దీ అన్న వాటిని తీసి మింగడం మొదలుపెట్టాడు. రాత్రి రెండింటి దాకా నిద్ర రాదు, అదే వాడికి కావాల్సింది. "చదివింది బుర్రకెక్కుతుందని మా ఫ్రెండ్ చెప్పాడు ఆంటీ, అయిపోయాయి, ఇంకో షీటు కావాలి" అన్నాడు. చెయ్యి పట్టుకుని చూస్తే గుండె గబగబా కొట్టుకుంటోంది.

(ఆ కుటుంబం గుర్తు దొరక్కుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను.)

మా షాపులో ఆ మందు లేదు. ఉండటానికి వీల్లేదు కూడా, అది షెడ్యూల్ ఎక్స్ మందు. దానికి వేరే లైసెన్సు ఉండాలి, తాళం వేసి ఉంచాలి, డాక్టరు చీటీ రెండు ప్రతులు రాయాలి, అందులో ఒకటి షాపువాళ్లు రెండేళ్లు దాచాలి. మాదకద్రవ్యాల చట్టం జాబితాలో కూడా ఉంది. ఇన్ని కట్టుబాట్ల మధ్య అమ్మే మందు, షాపు గడప దాటాక చీరల కింద పడి ఉంటోంది. గడప దాటాక దానికి కాపలా ఎవరూ లేరు, ఆ ఇంటి వాళ్లు తప్ప. వాళ్లేమో సిగ్గుతో దాచారు. దాచిన చోటే ఇంకొకడికి దొరికింది.

ఆ కుర్రాడి అనుమతితోనే వాళ్లమ్మకి ఫోన్ చేశాను. ఆమె ముందు ఏడ్చింది, తర్వాత అన్న మొదటి మాట "మేడం, చిన్నోడి సంగతి బయట ఎక్కడా అనకండి, మా అత్తగారి తరఫు వాళ్లకి తెలిస్తే తల ఎత్తుకోలేం". పెద్దోడి గుండె గురించి అడగడం ఆ తర్వాతే. నేను ఆమెని తప్పు పట్టలేకపోయాను. ఎందుకంటే ఆరేళ్ల కిందట సరిగ్గా ఆమె ఉన్నచోటే నేనూ ఉన్నాను.

మా అబ్బాయి అప్పుడు రెండో తరగతి. పిలిస్తే పలకడు, చెప్పింది చెయ్యడు, క్లాసులో పక్కవాడిని గిల్లుతాడు, లేచి తిరుగుతాడు అని డైరీలో రోజూ ఎర్ర సిరాతో రాసి పంపేవాళ్లు. ఒకరోజు పిలిపించి ఒక ఫారం ఇచ్చారు, టిక్కులు పెట్టమన్నారు. నేను టిక్కులు పెట్టాను, టీచరు పెట్టింది, ఆ కాగితం పట్టుకుని వాళ్లు చెప్పిన క్లినిక్‌కి వెళ్లాం. పావుగంట. అందులో సగం సేపు మావాడు బయట చేపల తొట్టి దగ్గరే ఉన్నాడు. చెవులు చూడలేదు, నిద్ర ఎలా పోతాడని అడగలేదు, ఇంట్లో ఎలా ఉంటాడని అడగలేదు. నెల రోజులకి మందు రాసి ఇచ్చారు. నేను మందులు చదువుకున్న మనిషిని, ఆ మందు ఎలా పనిచేస్తుందో తెలుసు, కానీ దాన్ని రాయడానికి ముందు మా పిల్లాడి గురించి ఏం అడిగి ఉండాలో నాకు తెలియలేదు. మా ఏరియాలో కొంటే ఎవరైనా చూస్తారని ఊరికి ఆ చివర షాపుకి వెళ్లి కొనేదాన్ని.

ఐదు నెలలు వాడాం. వాడు రెండు కిలోలు తగ్గాడు. కాస్త నిశ్శబ్దంగా కూర్చునేవాడు, అందుకు స్కూలు వాళ్లు సంతోషించారు, చదువు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. సంక్రాంతికి మా ఊరు వెళ్తే వాడు మా నాన్న పక్కన పడుకున్నాడు. పొద్దున్నే నాన్న అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "అమ్మాయీ, వీడు రాత్రంతా నోరు తెరుచుకుని గురక పెడుతున్నాడు, మధ్యమధ్య ఊపిరి ఆగినట్టవుతోంది, పైగా వెనక నుంచి పిలిస్తే వీడికి వినపడట్లేదే". ఈఎన్‌టీ డాక్టరుకి చూపిస్తే రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక జిగురు నీరు, ముక్కు వెనక అడినాయిడ్ కండ వాచి గాలి దారి మూసుకుపోయింది. పిల్లాడికి సగం మాటలు వినపడటం లేదు, రాత్రి సరిగా నిద్ర లేదు. నిద్ర చాలని పెద్దవాళ్లు కునుకు తీస్తారు, నిద్ర చాలని పిల్లలు గంతులేస్తారు. ఆపరేషన్ అయ్యింది, మందు డాక్టరు సలహాతో ఆపాం, మూడో తరగతి సగానికి వచ్చేసరికి ఎర్ర సిరా ఆగిపోయింది.

కుదురు లేని ప్రతి పిల్లాడికీ చెవిలో నీరే ఉందని నేను చెప్పడం లేదు. ఏడీహెచ్‌డీ నిజంగా ఉంది, దాని సంగతికీ వస్తాను. కానీ ఆ పేరు పెట్టే ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి, అవి చూడటానికి పావుగంట చాలదు. కళ్లు, చెవులు, నిద్ర, రక్తం తక్కువగా ఉందా, థైరాయిడ్ ఎలా ఉంది, ఉన్నట్టుండి కొన్ని క్షణాలు చూపు నిలిచిపోయి మళ్లీ మామూలయ్యే రకం ఫిట్స్ ఉన్నాయా, ఇంట్లో తాగుడో గొడవలో ఉన్నాయా, అక్షరాలు పట్టుకోవడంలోనే ఇబ్బంది ఉందా. మన దగ్గర ఇంకోటి కూడా కలపాలి. ఇంట్లో ఒక్క ఇంగ్లీషు మాట వినని పిల్లాడిని తీసుకెళ్లి పూర్తి ఇంగ్లీషులో పాఠం చెప్తుంటే వాడు కిటికీలోంచి కాక ఎక్కడికి చూస్తాడు?

మానసిక సమస్యలని గుర్తించడానికి ప్రపంచమంతా డాక్టర్లు వాడే డీఎస్‌ఎం పుస్తకం ఐదో కూర్పు 2013లో వచ్చింది. అందులో ఏం ఉందో తల్లిదండ్రులు తెలుసుకోవాలి. పిల్లల్లో కనీసం ఆరు లక్షణాలు, అవి ఆరు నెలలకి తగ్గకుండా, 12 ఏళ్ల లోపే మొదలై, రెండు చోట్లకి తక్కువ కాకుండా కనపడాలి, వాటివల్ల వాడి బతుకులో నిజంగా ఇబ్బంది జరుగుతుండాలి. రెండు చోట్లా అన్న మాట చాలా ముఖ్యం. స్కూల్లో మాత్రమే అల్లరి చేసి, ఇంటి దగ్గర గంటసేపు కూర్చుని బొమ్మ వేసుకునే పిల్లాడయితే ముందు స్కూలు సంగతి చూడాలి. ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త, నిజంగా ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలు కూడా తమకి నచ్చిన పనిలో గంటలు గంటలు మునిగిపోతారు, కాబట్టి ఈ ఒక్క సంగతి పట్టుకుని లేదని కూడా తేల్చలేం. అందుకే టీచరుతో విడిగా, తల్లితో విడిగా, పిల్లాడితో విడిగా మాట్లాడాలి. నాతో ఎవరూ అలా మాట్లాడలేదు.

ఇప్పుడు పుట్టినరోజుల సంగతి. ఇది చదివినప్పుడు నాకు నిజంగా కళ్లు తెరుచుకున్నాయి. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో సెప్టెంబర్ 1కి ఐదేళ్లు నిండితేనే బడిలో చేర్చుకుంటారు. అంటే ఆగస్టులో పుట్టిన పిల్లాడు క్లాసులో అందరికంటే చిన్నవాడు, సెప్టెంబర్‌లో పుట్టినవాడు ఏడాది ఆగి అందరికంటే పెద్దవాడవుతాడు. నాలుగు లక్షలకి పైగా పిల్లల రికార్డులు చూసి 2018లో అక్కడి పెద్ద వైద్య పత్రికలో వేశారు. సెప్టెంబర్ పిల్లల్లో 10,000 మందికి 63.6 మందికి ఏడీహెచ్‌డీ ముద్ర పడితే, ఆగస్టు పిల్లల్లో 85.1 మందికి పడింది. అంటే 34 శాతం ఎక్కువ. సెప్టెంబర్ గడువు లేని రాష్ట్రాల్లో ఆ తేడా లేదు. జబ్బుకి క్యాలెండర్ తెలియదు కదా. ఆరేళ్ల వాడి పక్కన కూర్చోబెట్టి ఐదేళ్ల వాడిని ఎందుకు కుదురుగా లేవని అడిగితే, వయసుని చూసి జబ్బు అనుకున్నట్టే.

మరి మన సంగతేంటి? మా తరంలో సగం మందికి సర్టిఫికెట్‌లో పుట్టినరోజు జూన్‌లోనే ఉంటుంది, హెడ్మాస్టరుగారు చేర్చుకునే రోజు లెక్క కట్టి వేసిందే పుట్టినరోజు. ఇప్పుడు రికార్డులు గట్టిపడ్డా తొందర మాత్రం తగ్గలేదు, మూడేళ్లు నిండీ నిండకుండా నర్సరీ, పెన్సిల్ పట్టలేని వేళ్లకి కాపీరైటింగ్. ఆరేళ్లు నిండాకే ఒకటో తరగతి అని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. ఒక ఏడాది వెనకబడతాడని మనమే ఒప్పుకోం. మావాడు జూలైలో పుట్టాడు, ఏడాది ముందే వేశాం, క్లాసులో అందరికంటే చిన్నవాడు వాడే. ఆ సంగతి నాకు తట్టనే లేదు, నన్ను ఎవరూ అడగనూ లేదు.

విదేశాల్లో ఉన్న మనవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక్క మాట. అమెరికాలో 2022 సర్వే ప్రకారం 3 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 70 లక్షల మందికి పైగా, అంటే తొమ్మిది మందిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు ఏడీహెచ్‌డీ అని చెప్పారు. అదే ఏడాది అక్టోబర్‌లో ఏడీహెచ్‌డీకి వాడే అడరాల్ మందుకి కొరత ఉందని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. నిజంగా అవసరమైనవాళ్లు షాపుల చుట్టూ తిరిగారు. 2024 జూన్‌లో ఒక ఆన్‌లైన్ వైద్య కంపెనీ పెద్దలని అరెస్టు చేశారు, సరైన పరీక్ష లేకుండా 4 కోట్లకి పైగా ఇలాంటి బిళ్లలు జనానికి చేరేలా చేశారన్నది కేసు. 2023 మేలో ఈ మందులన్నిటి పెట్టె మీదా దుర్వినియోగం గురించి, ఇంకొకరితో పంచుకోవడం గురించి గట్టి హెచ్చరిక ఒకే రకంగా ఉండాలని ఆదేశించారు. అంత వ్యవస్థ ఉన్న చోటే అలా జరిగితే, ఒక టిక్కుల కాగితం మీద నడిచే చోట ఏం జరుగుతుందో ఆలోచించండి.

ఇక చదువు బిళ్ల అనే మాట. ఇంటర్, నీట్, గ్రూప్స్ పిల్లలు షాపులకి వచ్చి అడిగేది ఈ మధ్య ఎక్కువైంది. మిథైల్‌ఫెనిడేట్ దొరక్కపోతే మోడాఫినిల్ అడుగుతారు, అది అసలు పగలు ఆపుకోలేని నిద్రతో బాధపడే జబ్బులకి ఇచ్చేది. పిల్లలూ, ఇది మీకోసం రాస్తున్నాను. 2023లో ఒక ప్రయోగం చేశారు. ఏ జబ్బూ లేని 40 మంది యువతకి ఇలాంటి మందులు మూడు, ఉత్తుత్తి బిళ్ల ఒకటి వేర్వేరు రోజుల్లో ఇచ్చి ఒక కష్టమైన లెక్క పెట్టారు, ఫలానా బరువు పట్టే సంచిలో ఎక్కువ విలువ వచ్చేలా వస్తువులు ఎలా సర్దాలి అని. మందు వేసుకున్న రోజు వాళ్లు ఎక్కువ కష్టపడ్డారు, ఎక్కువసేపు వెచ్చించారు, అటూ ఇటూ ఎక్కువ మార్చారు, కానీ సర్దడంలో నాణ్యత తగ్గింది. ఉత్తుత్తి బిళ్ల రోజు బాగా చేసినవాళ్లలో కొందరు మందు వేసుకున్న రోజు వెనకబడ్డారు. ఆ మందు నిద్రని తోసేస్తుంది, బాగా చదువుతున్నామన్న నమ్మకం ఇస్తుంది. కానీ చదివింది తలలో గట్టిపడేది నిద్రలోనే, ఆ నిద్రనే అది తినేస్తుంది. ఆకలి పోతుంది, గుండె వేగం, బీపీ పెరుగుతాయి. గుండెలో పుట్టుకతో ఏదైనా లోపం ఉన్న సంగతి మీకే తెలియకపోతే? డాక్టరు రాసే ముందు అవన్నీ అడుగుతారు. బీరువా అడగదు.

ఇంత రాశాక కొందరు "అయితే ఈ ఏడీహెచ్‌డీ అంతా డాక్టర్ల వ్యాపారమే" అనేస్తారని నాకు భయం. మా వాడి సంగతి తెలిశాక మా బంధువులు అదే అన్నారు. ఆ మాట వల్ల నష్టపోయింది మా పెద్దమ్మ మనవరాలు. చిన్నప్పటి నుంచీ నెమ్మదస్తురాలు, ఎవరినీ గిల్లలేదు, లేచి తిరగలేదు, అందుకని ఏ టీచరూ ఫిర్యాదు చెయ్యలేదు. కానీ గొడుగు, టిఫిన్ డబ్బా, హాల్‌టికెట్ ఏదో ఒకటి ఎక్కడో మర్చిపోయి వచ్చేది, పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయేది, మొదలుపెట్టిన ఏ పనీ పూర్తి కాదు. బద్ధకం, పొగరు, ఒళ్లు బరువు అని ఇంట్లో పేర్లు పెట్టారు. బీటెక్ మూడో ఏడు సబ్జెక్టులు మిగిలిపోయి మంచం పట్టినంత పనయ్యాక ఒక సైకియాట్రిస్టు మూడుసార్లు కూర్చోబెట్టి, తల్లితో మాట్లాడి, చిన్నప్పటి ప్రోగ్రెస్ కార్డులు తెప్పించి చూసి చెప్పారు. ఆడపిల్లల్లో ఇలా అల్లరి లేకుండా పరధ్యానంతో ఉండే రకం చాలాసార్లు ఎవరి కంటా పడదట. మందు, దాంతోపాటు పని ముక్కలు చేసుకుని చెయ్యడం నేర్పించే కౌన్సెలింగ్, రెండూ కలిసి ఆ పిల్లని నిలబెట్టాయి. ఈరోజు ఉద్యోగం చేస్తోంది. అయినా సంబంధాలు చూస్తున్నారని ఆ మందు డబ్బాని విటమిన్ల డబ్బాలో పోసి దాస్తున్నారు. "సైకియాట్రిస్టు అని తెలిస్తే ఎర్రగడ్డ కేసు అంటారు" అని మా పెద్దమ్మ ఏడుపు. గుంటూరు వాళ్లమైనా మా నోట్లో కూడా ఎర్రగడ్డే, సినిమాలు అంతగా అలవాటు చేశాయి.

చూడండి, అవసరం లేని మావాడికి మందు పడింది. అవసరం ఉన్న ఈ పిల్లకి పదేళ్లు ఆలస్యంగా పడింది. అసలు ఎవరూ రాయని ఆ ఇంటర్ కుర్రాడు మింగాడు. ముగ్గురి ఇళ్లలోనూ నేను చూసింది ఒకే పని, దాచడం. దాచడం వల్లే మేం ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. ఆ చిన్నవాడు అన్నం మానేశాడన్న మాట రాసిన డాక్టరుకి చెప్పి ఉంటే మోతాదో మందో మార్చేవారు, లేదా అసలు జబ్బు అదేనా అని మళ్లీ చూసేవారు. వాళ్లమ్మ రెండోసారి ఆ మెట్లు ఎక్కడానికే సిగ్గుపడింది.

మీకు నా విన్నపం ఇది. మీ పేజీల్లోనే కాదు, అన్ని పత్రికల ఆరోగ్య పేజీల్లోనూ "మీ పిల్లాడిలో ఈ లక్షణాలున్నాయా" అని ఏడెనిమిది చుక్కలు పెట్టి వేస్తుంటారు. అలా వేసినప్పుడు కింద ఒక పేరా తప్పకుండా ఇవ్వండి, ఎంతకాలంగా, ఎన్ని చోట్ల, ఏ వయసు నుంచి అన్నది చూడాలని, ముందు కళ్లూ చెవులూ నిద్రా చూపించాలని. వెనక పేజీలో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పెంచుతామనే పొడుల ప్రకటనలు వేసేటప్పుడు ఒకసారి ఆలోచించండి, ఏకాగ్రతకి ఒక బిళ్ల ఉంటుందనే ఆశ అక్కడే మొదలవుతోంది. డబ్బు లేనివాళ్లకి దారి లేదని కూడా కాదు, బడి పిల్లలని పరీక్షించే ప్రభుత్వ పథకం ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) 2013 నుంచి ఉంది, దాని జాబితాలో వినికిడి లోపం, చదువులో ఇబ్బంది, ఏడీహెచ్‌డీ మూడూ ఉన్నాయి, మీ విలేకరులు జిల్లాల్లో అది ఎలా నడుస్తోందో వెళ్లి చూసి రాస్తే బాగుంటుంది. మానసిక ఆరోగ్య సలహాకి ప్రభుత్వం నడిపే 14416 టెలీ మానస్ నంబరులో తెలుగులో మాట్లాడతారు, ఉచితం, ఆ నంబరు రోజూ ఒక మూలన వేయండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని రోగికి హక్కు ఉంది. ఆ సంగతి తెలిస్తే కొందరైనా ధైర్యంగా వెళ్తారు.

సాటి షాపులవాళ్లకి కూడా చెప్తున్నాను, తెలిసిన పిల్లాడే కదా అని ఇవ్వకండి. తల్లులకి చెప్పేది, పిల్లాడి మందు మీ చేత్తోనే ఇవ్వండి, లెక్క పెట్టుకోండి, ఆపాలనిపిస్తే మీకు మీరే ఆపి దాచేయకుండా రాసినవాళ్లని అడగండి, మిగిలినవి ఏం చెయ్యాలో కూడా వాళ్లనే అడగండి.

ఆ ఇంటర్ కుర్రాడు మొన్న వచ్చాడు. ఈసీజీ బాగానే ఉందట, రాత్రి పదకొండింటికి పడుకుంటున్నాడట. తమ్ముడిని శనివారం ఈఎన్‌టీకి చూపించి, ఆ రిపోర్టుతో వేరే పిల్లల సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్తున్నారు. ఏం తేలుతుందో తెలియదు, నిజంగా ఏడీహెచ్‌డీయే అని తేలినా తేలొచ్చు, ఈసారి నానమ్మ కూడా వెంట వెళ్తోందని చెప్పాడు.

నా పేరు వేయొద్దు. పేరుతో రాద్దామనే అనుకున్నాను, నిన్న రాత్రి మా అబ్బాయికి చదివి వినిపించి అడిగాను. వాడిప్పుడు ఎనిమిదో తరగతి. కాసేపు ఆలోచించి "వద్దమ్మా, రెండో తరగతిలో హైపర్ అని పిలిచిన వాళ్లే ఇప్పుడూ నా క్లాసులో ఉన్నారు" అన్నాడు.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు, ఒక తల్లి
గుంటూరు